పెతీ మర టూర్నికెట్ తయారీ: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

పాత శస్త్రచికిత్స పరికరాల పెట్టెల బొమ్మలు చూసినప్పుడు అందరి కళ్ళూ ముందు కత్తుల మీదికి, ఎముక కోసే రంపం మీదికి పోతాయి. నా కళ్ళు మాత్రం ఆ పెట్టెలో ఒక మూల చుట్టిపెట్టిన పట్టీ దగ్గర, దానికి బిగించిన ఇత్తడి మర దగ్గర ఆగిపోతాయి. కాలు తీసేయడానికి రంపం చాలు. తీశాక ఆ మనిషి బతకాలంటే ఆ పట్టీ కావాలి. తొడలో ఉండే పెద్ద ధమని పూర్తిగా తెగి, ఎవరూ ఆపకపోతే, కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది.

అందుకే ఈసారి చేయబోయేది టూర్నికెట్. 1718లో పారిస్ సర్జన్ ఝాన్-లూయీ పెతీ అక్కడి సైన్స్ అకాడమీకి వివరించిన మర టూర్నికెట్. పెతీ అప్పటికి నలభై దాటిన మనిషి. తర్వాత 1731లో మొదలైన శస్త్రచికిత్స అకాడమీకి డైరెక్టరుగా కూడా పనిచేశాడు. ఫ్రెంచ్‌లో 'తిప్పడం' అనే మాట నుంచే టూర్నికెట్ అన్న పేరు వచ్చింది.

పరికరం చూడటానికి చాలా సాదా. కింద ఒక పలక, పైన ఒక పలక, రెంటి మధ్య నిలువుగా ఒక మర. తొడ చుట్టూ తిప్పిన పట్టీ పై పలక మీదుగా పోతుంది. మర తిప్పితే పై పలక లేస్తుంది, పట్టీ బిగుసుకుంటుంది. అడుగున ఒక మెత్త ఉంటుంది, అది సరిగ్గా ధమని మీద కూర్చోవాలి.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే. అంతకుముందు కూడా తాడు కట్టి, కర్ర దూర్చి మెలితిప్పేవాళ్ళు. 1674లో బెజాన్సన్ ముట్టడిలో మోరెల్ అనే ఫ్రెంచ్ సైనిక సర్జన్ అలా చేశాడని చరిత్రలో ఉంది. మరి తాడూ కర్రా ఉండగా మర ఎందుకు అవసరమైంది? పుస్తకాల్లో 'మెరుగైనది' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఎందులో మెరుగో నా చేతులకు తెలియాలి.

3వ రోజు

ముందు తొడ కావాలి. బతికున్న మనిషి చేతి మీదో కాలి మీదో ఇది ప్రయత్నించే ప్రశ్నే లేదు. నాది కూడా. ఎవరైనా ఇలాంటి నమూనా చేస్తే ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు, సరదాకి కూడా బిగించి చూడొద్దు.

బొమ్మ మీద సాధన చేయడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. సుశ్రుత సంహితలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. కోయడం గుమ్మడి, సొర, దోస లాంటి కాయల మీద నేర్చుకోవాలి. చీల్చడం నీళ్ళో బురదో నింపిన తోలు సంచుల మీద, సిరను పొడవడం కలువ కాడల మీద, కుట్లు వేయడం దళసరి గుడ్డ అంచుల మీద, మెత్తని తోలు మీద. కట్లు కట్టడానికైతే ఏకంగా మనిషి బొమ్మ చేసి దాని అవయవాల మీద కట్టమన్నారు. ఎంత చదువు చదివినా చేత్తో సాధన చేయనివాడు పనికి తగడని ఆ అధ్యాయం మొదట్లోనే చెప్పారు. నా స్పాంజి తొడ కట్టేటప్పుడు ఆ మనిషి బొమ్మే మనసులో ఉంది.

మధ్యలో ఎముకగా గుండ్రటి కర్ర. దాని చుట్టూ దట్టమైన స్పాంజి పొరలు. లోపల, కర్రకు దగ్గరగా, దళసరి గోడ ఉన్న రబ్బరు గొట్టం, అది ధమని. పైన, చర్మానికి కాస్త కిందే, పల్చటి మెత్తని గొట్టం, అది సిర. రెండూ కింది చివర ఒక సన్నటి ముక్కతో కలుస్తాయి. పైన సాగే గుడ్డ తొడిగాను. చుట్టుకొలత 48 సెంటీమీటర్లు వచ్చింది.

4వ రోజు

పంపు లేకుండానే రక్తపోటు తెచ్చుకోవచ్చని లెక్క వేస్తే తేలింది. రక్తపోటు కొలిచే పాదరసం ఒక మిల్లీమీటరుకు నీటి మట్టం 1.36 సెంటీమీటర్లు. 120 కావాలంటే నీళ్ళ డబ్బా 163 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీస్తే సరి. ఎర్ర సిరా కలిపిన నీళ్ళు. డబ్బా నా ముక్కు ఎత్తుకు వచ్చింది. మన గుండె ప్రతి కొట్టుకు నీటిని ఇంత ఎత్తుకు తోయగలదన్నమాట. అంకె ఎన్నిసార్లు చదివినా కలగని ఆశ్చర్యం, ఆ డబ్బా పక్కన నిలబడితే కలిగింది.

7వ రోజు

మర కంటే ముందు తాడూ కర్రా. పోల్చి చూడకపోతే పెతీ చేసిన పని విలువ తెలియదు.

వెడల్పాటి గుడ్డ పట్టీ కట్టి, ముడిలో కర్ర దూర్చి తిప్పాను. మూడో మెలికకే ధమని గొట్టంలో ప్రవాహం ఆగింది. ఆపడంలో ఏ లోటూ లేదు. చిక్కు ఆ తర్వాతే మొదలైంది. కర్ర వదిలితే గిర్రున వెనక్కి తిరిగిపోతుంది. రెండో చేత్తో ఏ పనీ చేయలేను. ఫోర్సెప్స్ (రక్తనాళాన్ని పట్టుకునే పట్టుకారు) అందుకోబోతే కర్ర ఊగి, పట్టీ సడలి, నీళ్ళు చిమ్మాయి. పది నిమిషాలకే మణికట్టు లాగడం మొదలైంది. నిజమైన ఆపరేషన్‌లో కర్ర పట్టుకోవడానికి ఒక మనిషిని నిలబెట్టాలి. ఆ మనిషి చెయ్యి ఎంతసేపు నిలకడగా ఉంటుందన్న దాని మీద రోగి ప్రాణం ఆధారపడి ఉంటుంది. రోగి స్పృహలో ఉండేవాడని కూడా గుర్తుంచుకోవాలి. ఈథర్‌తో మత్తిచ్చి చేసిన ఆపరేషన్‌ను బోస్టన్‌లో అందరి ముందూ చూపించింది 1846 అక్టోబర్ 16న. అంతకుముందు గింజుకునే మనిషి కాలి మీద ఇదంతా జరిగేది.

ఇంకో సంగతి. కర్రతో 'కొంచెం సడలించడం' అనేది దాదాపు సాధ్యం కాలేదు. అర మెలిక వదులుదామంటే మెలికంతా జారిపోతోంది. ఇది నోట్ చేసి పెట్టుకుంటున్నాను, ఎందుకో ముఖ్యం అనిపిస్తోంది.

10వ రోజు

పై పలక విరిగింది.

గట్టి చెక్కతో మర చేశాను. 25 మిల్లీమీటర్ల లావు, ఒక చుట్టుకు దాదాపు 4 మిల్లీమీటర్లు ఎక్కుతుంది. మర బాగానే వచ్చింది, పొరపాటు పలకలో జరిగింది. చెక్క నార పొడుగునా ఉండాల్సింది, ముక్క మిగులుతుందని అడ్డంగా కోశాను. మర మధ్యలో పైకి నెడుతుంటే, పట్టీ రెండు చివరలనూ కిందికి లాగుతుంది. అంటే పలక విల్లులా వంగుతుంది. రంధ్రం దగ్గర నార వెంట నిలువునా చీలింది. ఠప్‌మని చప్పుడొచ్చి, ఒక్క క్షణంలో ప్రవాహం మొత్తం తిరిగి వచ్చేసింది. బొమ్మ కాబట్టి బల్ల తుడుచుకుంటే అయిపోయింది.

ఇత్తడి నమూనాలే ఎందుకు నిలబడ్డాయో ఆ చప్పుడు విన్నాక ఎవరూ చెప్పక్కర్లేదు. నేను మాత్రం మొదటి నమూనా చెక్కతోనే పూర్తి చేస్తాను. రెండు పలకలను నార ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా జిగురుతో అంటించి పెట్టాను. రేపటికి ఆరుతుంది.

12వ రోజు

ఆరింది. మర గాడికి తేనెమైనం రాశాను, చాలా నునుపుగా తిరుగుతోంది. మైనం వల్ల దానంతట అదే వెనక్కి జారుతుందేమో అని టెన్షన్ పడ్డాను. జారలేదు. చుట్టుకు 4 మిల్లీమీటర్లంటే గాడి వాలు చాలా తక్కువ, రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది. బిగించి చెయ్యి తీసేశాను. గంట తర్వాత వచ్చి చూస్తే ఎక్కడ వదిలానో అక్కడే ఉంది, గొట్టం చివర చుక్క లేదు.

ఒక మనిషి తగ్గాడు. పెతీ పరికరంలో మొదటి లాభం ఇదే.

14వ రోజు

ఈరోజు బొమ్మ నన్ను భయపెట్టింది.

సిర గొట్టానికి పట్టీ కిందుగా చిన్న గాటు పెట్టాను, గాయం అన్నమాట. నీళ్ళు నెమ్మదిగా కారుతున్నాయి. మర రెండు చుట్లు తిప్పాను. కారడం తగ్గాల్సింది పోయి పెరిగింది! ఇంకో అర చుట్టు తిప్పితే ఇంకా పెరిగింది. గొట్టం ఎక్కడో ఊడిందనుకుని అంతా విప్పి చూశాను, ఎక్కడా ఏమీ ఊడలేదు. మళ్ళీ బిగించాను. రెండు చుట్లకు కారడం పెరుగుతుంది, నాలుగు చుట్లు దాటాక తగ్గడం మొదలవుతుంది, ఆరున్నరకు పూర్తిగా ఆగుతుంది. మూడుసార్లు చేసినా ఇదే వరస.

అప్పుడు విలియం హార్వీ గుర్తొచ్చాడు. గుండె నుంచి రక్తం శరీరమంతా తిరిగి మళ్ళీ గుండెకే చేరుతుందని 1628లో అచ్చు వేసినవాడు. ఆయన చూపించిన రుజువుల్లో ఒకటి చేతికి కట్టిన పట్టీయే. గట్టిగా బిగిస్తే కింద నాడి అందదు, చెయ్యి చల్లబడుతుంది. కాస్త సడలించి మధ్యస్థంగా ఉంచితే చెయ్యి ఎర్రబడి, సిరలు ఉబ్బుతాయి. ఎందుకంటే లోతున ఉన్న ధమని తెరుచుకుని రక్తం లోపలికి వస్తోంది, పైపైన ఉన్న సిరలు మాత్రం ఇంకా నొక్కుకునే ఉన్నాయి. వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు.

నా స్పాంజి తొడలో జరిగింది అచ్చంగా అదే. వెనక్కి పోయే దారి మూసుకుని, గాటు ఒక్కటే దారిగా మిగిలింది. అరకొరగా బిగించిన టూర్నికెట్ అసలు లేనిదానికంటే హాని చేస్తుందని ప్రథమ చికిత్స పాఠాల్లో చెబుతారు. ఆ వాక్యం వెనక హార్వీ పట్టీ ఉందని ఇన్నాళ్ళూ నేను కలుపుకుని చూడలేదు. రక్త ప్రసరణను రుజువు చేసిన పట్టీ, దాన్ని ఆపే పట్టీ ఒకటే. ఎంత బిగించామన్నదే తేడా.

ఆ 'ఎంత' అన్నదాన్ని అర చుట్టు, పావు చుట్టు అని చెప్పగలిగేలా చేసింది మర. తాడూ కర్రతో ఈ వరస నేను కనిపెట్టగలిగేవాణ్ణే కాదు.

15వ రోజు

మెత్త కుట్టాను. తోలు ముక్కలో ఊలు కూరి, సరిగ్గా ధమని గొట్టం పైన ఉండేలా పెట్టాను. మెత్త లేనప్పుడు ఆరున్నర చుట్లు పట్టింది. ఉంటే నాలుగు. ప్రతి చుట్టుకూ పట్టీ రెండు వైపులా 4 మిల్లీమీటర్ల చొప్పున, మొత్తం 8 మిల్లీమీటర్లు లాక్కుంటుంది. అంటే 52 మిల్లీమీటర్ల బదులు 32తో పని అయిపోయింది. తొడ మొత్తాన్ని నలిపేయకుండా ధమని ఉన్నచోటనే నొక్కడం వల్ల మిగిలే తేడా ఇది.

మెత్త ఒక వేలెడు పక్కకు జరిగితే మాత్రం మళ్ళీ ఆరు చుట్లు దాటుతుంది. వేళ్ళతో నాడి వెతికి పట్టుకోవడం తెలియని వాళ్ళ చేతిలో ఇది సగం పరికరమే.

18వ రోజు

పట్టీ కింద ఎంత ఒత్తిడి పడుతోందో చూడాలనిపించింది. రక్తపోటు చూసే పాత మిషన్ నుంచి ముల్లు మీటరు తీసి, చిన్న రబ్బరు తిత్తికి కలిపి పట్టీ కింద పెట్టాను. మెత్త తీసేసి, 4 సెంటీమీటర్ల పట్టీతో ఒక్కదానితోనే బిగిస్తే, ప్రవాహం ఆగేసరికి ముల్లు 240 దగ్గర ఉంది. అదే మిషన్‌లోని గాలి పట్టీని, 13 సెంటీమీటర్ల వెడల్పుది, చుట్టి గాలి కొడితే 150కే ఆగింది. నీటి ఒత్తిడి రెండుసార్లూ 120యే. నా మీటరు ఖచ్చితమైనదని చెప్పను గానీ, తేడా ఇంత పెద్దదైతే మీటరును అనుమానించక్కర్లేదు. పట్టీ ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ ఒత్తిడి కావాలి.

ఆ ఎక్కువ ఒత్తిడి ఎవరి మీద పడుతుందంటే నరం మీద. మాటల్లో మనం సిరను కూడా నరం అనే అంటాం. ఇక్కడ నేను చెప్పేది కదలికలను, స్పర్శను మోసే నరం. 1873లో జర్మన్ సైనిక సర్జన్ ఎస్మార్క్ రబ్బరు పట్టీ తెచ్చాడు. కింది నుంచి పైకి చుట్టుకుంటూ వచ్చి రక్తాన్ని పైకి తోలేసి, పైన గట్టిగా కట్టేస్తే రక్తం లేని అవయవం మీద ఆపరేషన్ చేయొచ్చు. గొప్ప సౌకర్యమే. కానీ రబ్బరు ఎన్ని చుట్లు వేస్తే ఎంత ఒత్తిడో చుట్టేవాడికి తెలియదు. నా బొమ్మ మీద రబ్బరు పట్టీ ఒక్కో చుట్టు వేస్తుంటే ముల్లు ఎగబాకుతూ, నాలుగో చుట్టుకే 300 చివరిదాకా పోయి ఆనుకుంది. చేతికి మాత్రం అంత గట్టిగా లాగినట్టే అనిపించలేదు. అలాంటి కట్లతో కొందరికి చేతులూ కాళ్ళూ చచ్చుబడేవి.

అమెరికన్ సర్జన్ హార్వీ కుషింగ్ 1901లో ఇటలీలోని పావియాలో, అక్కడి డాక్టరు రివా-రోచి తయారు చేసిన రక్తపోటు పట్టీని చూశాడు. దాన్ని తనతో తీసుకెళ్ళాడు. 1904 నాటికి గాలితో ఉబ్బే టూర్నికెట్ వాడటం మొదలుపెట్టాడు. వెడల్పాటి పట్టీ, అంకె చూపించే మీటరు, ఒక్క వాల్వుతో గాలి వదిలే వీలు. ఈనాటి ఆపరేషన్ థియేటర్లలో ఉండేది దాని సంతతే, పక్కన గడియారం కూడా ఉంటుంది. మామూలుగా రెండు గంటలు దాటనివ్వరు. డాక్టరు దగ్గర మన చేతికి చుట్టే పట్టీ, థియేటర్‌లో తొడకు చుట్టే పట్టీ ఒకే ఇంటి పిల్లలన్న సంగతి నాకు చాలా నచ్చింది.

19వ రోజు

మర పిడికి నూనె పట్టించాను. వేరే పనేమీ జరగలేదు.

21వ రోజు

ఒక చిన్న పరీక్ష, మనసుకు కాస్త కష్టంగానే ఉంది. మెత్త చేయగా మిగిలిన తోలు ముక్కను, మర చేయగా మిగిలిన చెక్క ముక్కను మరిగే నీళ్ళలో వేశాను. తోలు కొద్ది నిమిషాల్లోనే ముడుచుకుపోయింది. 10 సెంటీమీటర్ల ముక్క 7కి వచ్చింది, ఆరాక కొమ్ములా గట్టిపడింది. చెక్క ఉబ్బింది, ఆరాక చివర సన్నటి పగుళ్ళు.

బ్రిటిష్ సర్జన్ లిస్టర్ క్రిములను చంపే కార్బాలిక్ ఆమ్లంతో గాయాలకు చికిత్స మొదలుపెట్టింది 1865లో. ఆ ఫలితాలు 1867లో అచ్చయ్యాయి. తర్వాత కొన్నేళ్ళకు పరికరాలను మరిగించడం, ఆవిరి పట్టించడం వచ్చింది. అంతకుముందు పరికరాల పెట్టెలో మఖమల్ పరుపు, నల్లచేవ పిడులు, దంతపు పిడులు, ఈ తోలు పట్టీలు ఉండేవి. ఎంతో నైపుణ్యంతో చేసిన అందమైన వస్తువులు. ఒక్కటీ మరిగే నీటికి ఆగదు. అందుకే పంతొమ్మిదో శతాబ్దం చివరికి పిడితో సహా అన్నీ లోహమే అయ్యాయి. అంతవరకూ ఒకరి రక్తం పీల్చిన తోలు మెత్తే ఇంకొకరి తొడ మీదికి వెళ్ళేది. టూర్నికెట్ వల్ల బల్ల మీద బతికిన మనిషి, తర్వాత చీము పట్టి పోయిన సందర్భాలు లెక్కలేనన్ని.

ముడుచుకుపోయిన తోలు ముక్కను పారేయలేదు, మంచి ముక్క పక్కనే పెట్టాను.

25వ రోజు

ఇన్నాళ్ళూ చేసిందంతా ఈ పరీక్ష కోసం. కొత్తగా రెండో బొమ్మ కట్టాను. ఇది కోసేసిన తొడ. చివర స్పాంజి తెరిచి ఉంటుంది. లోపల ఒక 6 మిల్లీమీటర్ల ధమని, పట్టీకి కిందుగా దాని నుంచి చీలిన రెండు సన్నటి కొమ్మలు. వాటి మూడు చివరలూ స్పాంజిలోకి కొద్దిగా లోపలికి పోయి ఉండేలా పెట్టాను, నిజమైన ధమని తెగితే లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి. కనిపించకుండా స్పాంజి అంతా ముందే ఎరుపు నీళ్ళతో తడిపాను.

ఫ్రెంచ్ సర్జన్ ఆంబ్రోయిస్ పారే 1552లో దాంవిల్లే ముట్టడి సమయంలో, కాలు తీసేసిన చోట ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం మానేసి, ధమనులను దారంతో కట్టాడు. ఎంత దయగల పద్ధతి! అయినా ఆ తర్వాత నూట యాభై ఏళ్ళు గడిచినా చాలామంది వాతలు వదల్లేదు. వాళ్ళు మొండివాళ్ళు, క్రూరులు అని చదువుకున్నాను. ఈరోజు తర్వాత ఆ మాట నేను అనను.

ముందు టూర్నికెట్ లేకుండా ప్రయత్నించాను. నీళ్ళు వదలగానే చివరంతా ఒకే ఎర్రటి ఊట. ధమని చివర వేలికి తగులుతోంది, కంటికి కనిపించడం లేదు. దాని మీద ఫోర్సెప్స్ వేయడానికి నాకు నలభై సెకన్లు పట్టింది, ఈలోగా లీటరు పైనే పోయింది. ఆ స్థితిలో కాల్చిన ఇనుమే దిక్కనుకున్న సర్జన్ మనసు నాకు అర్థమైంది.

తర్వాత మర బిగించి చేశాను. ఊట ఆగిపోయింది, ప్రశాంతంగా ఉంది. కానీ ఇప్పుడూ ధమని కనిపించడం లేదు! అంతా ఎర్రటి స్పాంజి, ఏది గొట్టమో ఏది సందో తెలియదు. ఊట ఉంటే వరద, లేకపోతే గుడ్డితనం.

పావు చుట్టు వెనక్కి తిప్పాను. ఎర్రటి స్పాంజి మధ్యలో ఒక్కచోట నీరు ఉబికింది. గుండుసూది తలంత బుడగ, తర్వాత సన్నటి ధార. ఇక్కడున్నానని ధమనే చెప్పినట్టు. మళ్ళీ పావు చుట్టు బిగించాను, ధార ఆగింది. సన్నటి కొక్కెంతో ఆ చివరను బయటికి లాగి, పట్టు దారం రెండు పేటలతో కట్టాను. మొదటి ముడి మరీ చివరగా వేశాను, జారిపోయింది. రెండోది 5 మిల్లీమీటర్లు లోపలికి వేస్తే నిలిచింది.

మళ్ళీ పావు చుట్టు వదిలాను. అంతకుముందు జాడే లేని రెండు సన్నటి కొమ్మలు ఇప్పుడు చిమ్మాయి. పెద్ద దారి తెరిచి ఉన్నంతసేపు నీళ్ళన్నీ అటే పోయాయి, అది మూసుకున్నాకే వీటికి ఒత్తిడి అందింది. ఒకేసారి అన్నీ కట్టేసి పట్టీ విప్పేసిన సర్జన్‌కు, కాసేపయ్యాక గాయం మళ్ళీ ఎందుకు ఊరేదో ఇందులో కనిపిస్తోంది. ఒక్కొక్కటే పట్టుకుని కట్టాను.

ఏడో రోజున ముఖ్యం అనిపించిన సంగతి ఇదే. తాడూ కర్రా బిగించగలవు, పావు చుట్టు వదలలేవు. పెతీ మర గొప్పతనం నాకు తెలిసింది వెనక్కి తిప్పినప్పుడే. పారే దారానికి అన్నాళ్ళూ కొరవడిన తోడు ఇది.

దారం చివరలను అప్పట్లో కత్తిరించకుండా గాయం బయటికి వేలాడదీసేవాళ్ళు. కొన్నాళ్ళకు లోపల కుళ్ళి ఊడితే లాగేసేవాళ్ళు. క్రిమిరహితం చేసిన క్యాట్‌గట్ (జంతువుల పేగుతో చేసే) దారాన్ని కురచగా కత్తిరించి లోపలే వదిలేసే పద్ధతిని లిస్టర్ 1869లో చెప్పాడు. నేను పాత పద్ధతిలోనే మూడు దారాలూ పొడుగ్గా వదిలాను.

ఇక మొత్తం విప్పడం. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు. బకిల్ తీసి పట్టీ పక్కన పెట్టాను. డబ్బా నిండా నీళ్ళు, 163 సెంటీమీటర్ల ఎత్తు, మధ్యలో ఏ అడ్డూ లేదు. తడి స్పాంజి పిండి తుడిచి, కింద తెల్లకాగితం పరిచి పది నిమిషాలు చూశాను. ఒక సన్న కొమ్మ దగ్గర మాత్రం నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ ముడి విప్పి మళ్ళీ వేశాను. కాగితం మార్చి ఇంకో పది నిమిషాలు. ఈసారి ఒక్క చుక్కా పడలేదు.

పట్టీ అంచు పోగులు లేస్తోంది, ఇత్తడి నమూనాకు కొత్తది నేయించాలి.